మోటార్‌హోమ్‌లో అలాస్కా హైవే: 14 రోజులు చాలవండి

కెనడాలోని ఎడ్మంటన్‌లో మోటార్‌హోమ్ (పడకలు, వంటగది ఉన్న బండి) అద్దెకు తీసుకుని, భార్యా ఇద్దరు పిల్లలతో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దాకా వెళ్ళి 14 రోజుల్లో తిరిగి రావచ్చా, రోజుకు 430 కిలోమీటర్లే పడుతున్నాయి కదా అని అడిగారు. రావచ్చు. కాకపోతే ఏం చూశారని ఎవరైనా అడిగితే ముందు అద్దంలోంచి రోడ్డు చూశామని చెప్పాలి. మేము జూన్‌లో ఇదే దారిలో 22 రోజులు తిరిగాం, అయినా ఫెయిర్‌బ్యాంక్స్ చేరలేదు, అమెరికా సరిహద్దుకు ముందున్న బీవర్ క్రీక్ నుంచే వెనక్కి వచ్చేశాం. ఎందుకో చివర్లో చెప్తాను, కొంచెం సిగ్గుపడే విషయం.

ముందు మీ లెక్క సంగతి. ఎడ్మంటన్ నుంచి డాసన్ క్రీక్ దాదాపు 590 కిలోమీటర్లు, అక్కడ అలాస్కా హైవే మొదలై డెల్టా జంక్షన్ దాకా సుమారు 2,230, ఆ తర్వాత ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఇంకో 155. రానూ పోనూ ఆరు వేలు. కారుకైతే 430 పెద్ద విషయం కాదు గానీ 28 అడుగుల బండిని గంటకు 80, 85కి మించి తోలబుద్ధి కాదు, ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా గాలికి బండి మొత్తం పక్కకు జరుగుతుంది. దానికి తోడు నీళ్ళు నింపుకోవడం, మురుగు ట్యాంకు ఖాళీ చేయడం, వంట, పిల్లలు. ఎంత లేదన్నా రోజుకు ఏడెనిమిది గంటలు పోతాయి. అది కూడా ఒక్క రోజు విశ్రాంతి లేకుండా.

డాసన్ క్రీక్ నుంచి ఫోర్ట్ నెల్సన్ దాకా అడవీ, గ్యాస్ పనుల లారీలూ తప్ప పెద్దగా ఏమీ లేదు, ఒక్క రోజులో దాటేయండి. అసలు దారి ఆ తర్వాతే. సమ్మిట్ లేక్ దగ్గర 1,295 మీటర్లకు ఎక్కుతారు, హైవే మొత్తానికి అదే ఎత్తయిన చోటు. అక్కణ్ణుంచి మంచో లేక్, లియార్డ్ వేడినీటి బుగ్గలు. ఈ ముక్కకి కనీసం రెండు రాత్రులు ఉంచుకోండి. మంచో లేక్ దగ్గర కొండగొర్రెలు ఉప్పు కోసం రోడ్డునే నాకుతుంటాయి, హారన్ కొట్టినా తల ఎత్తవు. లియార్డ్‌లో చిత్తడి నేల మీద వేసిన చెక్క బాట మీదుగా బుగ్గ దగ్గరికి నడవాలి, నీళ్ళు పుట్టేవైపు కాళ్ళు కాలతాయి, దిగువకి జరిగితే హాయిగా ఉంటుంది. మా చిన్నవాడు గంటన్నర దాకా బయటికి రాలేదు.

లియార్డ్ చుట్టుపక్కల అడవి బైసన్లు ఉంటాయి, సాయంత్రం పూట జాగ్రత్త. మాకు ఒక మలుపు తిరగ్గానే పది పన్నెండు రోడ్డు మీదే నిలబడి కనిపించాయి. ఒకటి నా కిటికీకి మూడడుగుల్లోకి వచ్చింది. చలికాలపు బొచ్చు పాత దుప్పటి చిరిగినట్టు ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది, ఊపిరి శబ్దం బండి లోపలికి వినిపిస్తోంది. ఇంజిన్ ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. వాటికి తొందరేముంది.

వాట్సన్ లేక్‌లో సైన్‌పోస్ట్ ఫారెస్ట్ ఉంది. 1942లో ఈ రోడ్డు వేస్తున్నప్పుడు ఒక అమెరికా సైనికుడు తన ఊరి పేరు రాసి పాతిన బోర్డుతో మొదలై, ఇప్పుడు వేలకొద్దీ బోర్డుల అడవి అయింది. గంట చాలు. వైట్‌హార్స్‌లో మాత్రం ఒక రోజు ఆగి సరుకులు, ప్రొపేన్ (బండిలో వంటకీ హీటర్‌కీ వాడే గ్యాస్), బట్టలు ఉతుక్కోవడం అన్నీ అక్కడే కానివ్వండి.

నాకు అన్నిటికంటే నచ్చింది క్లువానీ సరస్సు. దాని దక్షిణం వైపు రోడ్డు ఒక వెడల్పాటి బూడిదరంగు మైదానాన్ని దాటుతుంది, మేం వెళ్ళిన రోజు అక్కడ దుమ్ము ఎంత లేచిందంటే లైట్లు వేసుకుని నడిపాను. ఒకప్పుడు అది నది. కాస్కవుల్ష్ హిమానీనదం కరిగి వెనక్కి జరగడంతో 2016లో దాని నీళ్ళు వేరే లోయ వైపు మళ్ళిపోయాయి, సరస్సుకి వచ్చే ప్రవాహం దాదాపు ఆగిపోయింది. నది పోయి ఒండ్రు మిగిలింది, గాలి వీస్తే ఆ ఒండ్రే లేస్తుంది. మైదానం పక్క కొండ మీద తెల్ల గొర్రెలు ఉంటాయి, బైనాక్యులర్స్ మర్చిపోవద్దు.

ఇక డిస్ట్రక్షన్ బే దాటాక బీవర్ క్రీక్ దాకా ఉన్న రోడ్డు. ఇది మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. నేల అడుగున ఏళ్ళ తరబడి గడ్డకట్టిన మట్టి ఉంటుంది, పైన రోడ్డు వేడెక్కేసరికి కింది మంచు అక్కడక్కడ కరిగి నేల కుంగుతుంది, చలికి మళ్ళీ ఉబ్బుతుంది. దూరం నుంచి చూస్తే తారు నున్నగానే ఉంటుంది, మీదికెళ్ళాక గానీ అలలు తెలియవు. కొన్నిచోట్ల పక్కన చిన్న జెండాలు పెడతారు, అన్నిచోట్లా కాదు. నేను 80లో వెళ్ళి ఒక దాని మీద ఎగిరాను. పైన అలమర తెరుచుకుని పది కిలోల బియ్యం బస్తా కింద పడి పగిలింది, వెనక మురుగు పైపు క్లిప్పు ఊడి నేలకు రాసుకుంటూ వచ్చింది. పైపుని బట్టలారేసే తాడుతో కట్టాను. బియ్యం గింజలు బండి తిరిగిచ్చే రోజు కూడా బ్రేక్ పెడల్ పక్కన కనిపించాయి. అక్కడ గంటకు 50 దాటకండి, వెనకవాళ్ళు విసుక్కుంటే పక్కకి తీసి దారివ్వండి.

కుదిరితే యూకాన్ నుంచి ఉత్తరానికి వెళ్ళే డెంప్‌స్టర్ హైవే కూడా కలుపుదామని రాశారు. వద్దు. ఇనువిక్ దాకా దాదాపు 740 కిలోమీటర్లు ఇంచుమించు అంతా కంకర రోడ్డు, మొదట్నుంచి ఈగిల్ ప్లెయిన్స్ దాకా 370 కిలోమీటర్ల మధ్య పెట్రోలు బంకే లేదు, ఆ రాళ్ళు టైర్లను కోసేస్తాయి. పైగా చాలా అద్దె కంపెనీలు ఆ రోడ్డు మీదికి బండిని పోనివ్వవు, కాంట్రాక్టులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాగే ముందు అద్దం, టైర్లు, బండి అడుగుభాగం ఇన్సూరెన్సులో ఉన్నాయో లేదో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మా అద్దానికి మూడు రాళ్ళు తగిలాయి, మూడూ తారు రోడ్డు మీదే.

పెట్రోలు సగం ట్యాంకుకి రాగానే నింపేయండి, ముందు బంకు ఉందని మ్యాప్ చెప్పినా సరే, మూసేసిన బంకులు మేము రెండు చూశాం. మా బండి వంద కిలోమీటర్లకు 25 లీటర్లు తాగింది, ఆ లెక్కన మీ ఆరు వేలకు 1,500 లీటర్లు. అద్దె కంటే దీనికే ముందు బడ్జెట్ వేసుకోండి. ఊళ్ళు దాటితే ఫోన్ సిగ్నల్ గంటల తరబడి ఉండదు, ఆఫ్‌లైన్ మ్యాప్‌లు దించుకోండి, వీలైతే సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకు తెచ్చుకోండి. జూన్‌లో కూడా రాత్రి హీటర్ కావాలి. హీటర్ గ్యాస్‌తోనే నడుస్తుంది గానీ దాని ఫ్యాన్ బ్యాటరీ మీద ఆధారపడుతుంది. మూడో రాత్రికల్లా మా బ్యాటరీ దిగిపోయి తెల్లవారుజామున వణుక్కుంటూ లేచాం, ఆ తర్వాత పడుకునే ముందు గంటసేపు జనరేటర్ వేసేవాళ్ళం. తెల్లవారుజాము అన్నానే గానీ చీకటి పడితేగా. జూన్ నెలాఖర్లో వైట్‌హార్స్‌లో 19 గంటలు పగలే. కిటికీలకు అల్యూమినియం రేకు అంటించకపోతే పిల్లలు నిద్రపోరు, పిల్లలు నిద్రపోకపోతే మీకు తెలిసిందే.

బయల్దేరే ముందు, దారిలో సిగ్నల్ దొరికినప్పుడల్లా, రోడ్ల పరిస్థితి చెప్పే డ్రైవ్‌బీసీ, 511 యూకాన్ సైట్లు రెండూ చూస్తూ ఉండండి. 2024 మేలో కార్చిచ్చుకి ఫోర్ట్ నెల్సన్ ఊరు మొత్తాన్నీ ఖాళీ చేయించారు. అలాంటప్పుడు రోడ్డు మూస్తే చుట్టుదారి అంటే ఏ రెండు రోజులో.

మీ 14 రోజులకి నేనైతే క్లువానీ దాకా వెళ్ళి వెనక్కి తిరగమంటాను. రానూ పోనూ 4,400 కిలోమీటర్లు, మధ్యలో మూడు రోజులు బండి కదపకుండా ఉండొచ్చు. ఫెయిర్‌బ్యాంక్స్ చూడాల్సిందే అంటే మూడు వారాలు పెట్టుకోండి.

అలాస్కాలోకి దాటేటట్లయితే ఇంకొకటి. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే కెనడా వర్క్ పర్మిట్ ఉన్నా అమెరికా వీసా కావాలి, ఈ సంగతి మాకు తెలుసు, వీసాలు ఉన్నాయి కూడా. బీవర్ క్రీక్‌లో రాత్రి ఆగి కాగితాలన్నీ ఒక కవర్లో పెడుతుంటే తెలిసింది, మా ఆవిడ వీసా పాత పాస్‌పోర్టులో ఉంది, ఆ పాస్‌పోర్టు ఎడ్మంటన్‌లో బీరువాలో ఉంది. పొద్దున్నే బండి తిప్పి మళ్ళీ అవే గతుకుల మీదుగా వెనక్కి, ఈసారి 40లో.