మూడో వరుస తెలుగులో రాసుకోండి

ప్రశ్న: నేను టెక్సస్‌లోని డాలస్ దగ్గర ఒక కిరాణా దుకాణంలో పనిచేస్తున్నాను. తోటి పనివారిలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవారు. వాళ్ళతో నాలుగు మాటలు కలపాలన్న కోరికతో, ఇంగ్లీషు మాటకు ఎదురుగా స్పానిష్ అర్థం ఇచ్చిన చిన్న పుస్తకం కొని, రోజుకు ఇరవై మాటల చొప్పున బట్టీ పట్టాను. మొన్న గోదాములో ఉక్కపోత భరించలేక, ‘ఐ యామ్’కూ ‘హాట్’కూ పుస్తకంలో ఇచ్చిన మాటలను జోడించి ‘ఎస్తోయ్ కాలియెంతే’ అన్నాను. అందరూ ముఖాలు తిప్పుకొని నవ్వారు గాని, ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా తప్పేమిటి? ఈ పద్ధతి మానుకోవాలా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీరన్న మాటకు వాడుకలో కామోద్రేకంతో ఉన్నానన్న అర్థం వస్తుంది కనుక, చెప్పడానికి వాళ్ళు మొహమాటపడి ఉంటారు. ఉక్కగా ఉందనడానికి ‘తెంగో కలోర్’ అనాలి. ‘తెంగో’ అంటే ‘నాకు ఉంది’, ‘కలోర్’ అంటే వేడిమి. ఆకలికి ‘తెంగో ఆంబ్రే’, దాహానికి ‘తెంగో సెద్’. ఇంగ్లీషువారు తామే ఆకలిగొన్నవారమని చెప్పుకుంటారు. స్పానిష్‌వారు, మనలాగే, ఆకలి తమకు ఉందంటారు. మీరు తెలుగులో ఆలోచించి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

పుస్తకం మానవద్దు. ఇంగ్లీషుకు, ముఖ్యంగా 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, ఫ్రెంచి ద్వారానూ నేరుగానూ వేల లాటిన్ మాటలు వచ్చి చేరాయి. స్పానిష్ లాటిన్‌కు పుట్టిన బిడ్డే. అందుకే ‘నేషన్’ అక్కడ ‘నసియోన్’, ‘ఇన్ఫర్మేషన్’ ‘ఇన్ఫొర్మసియోన్’, ‘యూనివర్సిటీ’ ‘ఉనివెర్సిదాద్’ అవుతాయి. ఈ ఒక్క పోలికతో వందల మాటలు చేతికందుతాయి. అయితే పోలిక చూసి మోసపోయే మాటలూ ఉన్నాయి: ‘ఎంబరసాదా’ అంటే సిగ్గుపడినది కాదు, గర్భవతి, ‘ఎక్సితో’ అంటే విజయం, బయటికి దారి ‘సలీదా’, ‘లిబ్రెరియా’ అంటే పుస్తకాల దుకాణం.

మాటల జాబితా ఇంతవరకే పనికొస్తుంది. వాక్యాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకంలోని రెండు వరుసల పక్కన మూడోది మీరే తెలుగులో రాసుకోండి. ‘మే గుస్తా ఎల్ మాంగో’ అంటే ‘నాకు మామిడిపండు నచ్చుతుంది’ అని. పళ్ళు ఎక్కువైతే, మనం ‘నచ్చుతాయి’ అన్నట్టే, వాళ్ళు ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’ అని క్రియను మారుస్తారు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవారు ‘నేను’తో మొదలుపెట్టి ఇక్కడే తడబడతారు. ‘మే దుయెలె లా కబేసా’ అన్నది ‘నాకు తల నొప్పి పెడుతోంది’కి దాదాపు మాటకు మాట, ‘నా తల’ అనవలసిన అవసరం ఆ భాషలోనూ లేదు. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు: క్రియ చివరే మనిషిని చెబుతుంది కనుక సర్వనామం వదిలేయవచ్చు. ఇక ఇంగ్లీషులో ఒక్క ‘యూ’తో గడిచిపోయే చోట వాళ్ళకు ‘తూ’, ‘ఉస్తెద్’ అని మన నువ్వు, మీరు వంటి రెండు మాటలున్నాయి. తోటివారిని ‘కోమో ఎస్తాస్’ అని పలకరించవచ్చు. పెద్దావిడ ఎదురైతే ‘కోమో ఎస్తా ఉస్తెద్’ అనడం మర్యాద.

ఉచ్చారణ కూడా ఇంగ్లీషు అక్షరాల్లో కాక తెలుగు లిపిలో రాసుకుంటేనే మేలు, ఎందుకంటే స్పానిష్ త, ద, ప, క మన అక్షరాలకు బాగా దగ్గరగా పలుకుతాయి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే కుక్క. రెండోదానిలో నాలుక బాగా అదరాలి. మనం ఎన్నడో పక్కనపెట్టిన ‘ఞ’ కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. వయసు చెప్పేటప్పుడు కూడా ‘తెంగో’నే వాడి, ‘తెంగో త్రెయింతా ఆఞోస్’, అంటే నాకు ముప్పై ఏళ్ళు, అంటారు. ఆ ‘ఞ’ బదులు ‘న’ పలికితే ఏళ్ళు కాస్తా మలద్వారాలై, మీ తోటివారు మళ్ళీ ముఖాలు తిప్పుకోవలసి వస్తుంది.