ర్యామ్ కొనేముందు పాతదాని స్టిక్కర్ చదవండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆన్ అవ్వకపోవచ్చు

లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది, ఇంకో 8 జీబీ డీడీఆర్3 (ర్యామ్‌లో ఒక రకం) వేస్తాను, ఏది కొన్నా పనిచేస్తుందా అని అడిగారు కదా, ఏది పడితే అది పనిచెయ్యదండి, నేను అలాగే కొని డబ్బులు పోగొట్టుకున్నా.

నాది ఐ5-4200యూ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపులో డీడీఆర్3 8 జీబీ లాప్‌టాప్ ర్యామ్ అడిగితే ఇచ్చారు, ఇంటికొచ్చి పెడితే చక్కగా కూర్చుంది, రెండు పక్కలా క్లిప్పులు కూడా టక్కున పడ్డాయి, కానీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. పాతది పెడితే మామూలుగా ఆన్ అవుతోంది. చాలాసేపు తీసి పెట్టి తీసి పెట్టి, చివరికి రెండిటినీ ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెట్టి చూస్తే పాతదాని మీద పీసీ3ఎల్-12800ఎస్ అని ఉంది, కొత్తదాని మీద పీసీ3-12800ఎస్. ఆ ఎల్ అంటే 1.35 వోల్టులకే నడిచేది, దాన్నే డీడీఆర్3ఎల్ అంటారు, ఎల్ లేనిది 1.5 వోల్టులు అడుగుతుంది. నా ప్రాసెసర్‌కి 1.35దే కావాలి. రెండిటికీ 204 పిన్నులే, మధ్యలో గాడి కూడా ఒకే చోట, అందుకే పట్టేసింది. షాపువాళ్లు తెరిచిన సరుకు వెనక్కి తీసుకోం అనేశారు.

కాబట్టి ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కండి, స్పీడు, ర్యామ్ పెట్టే స్లాట్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్ని వాడుతోంది అన్నీ అక్కడే ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది బోర్డుకే అతికించేసిన ర్యామ్, విడిగా ఇంకో స్లాట్ ఉంటేనే ఆశ. తర్వాత మీ మోడల్ మాన్యువల్లో గరిష్ఠంగా ఎంత పడుతుందో చూడండి. ప్రాసెసర్ జనరేషన్ చూసి మాత్రం తేల్చకండి, ఆరో జనరేషన్ లాప్‌టాప్‌లు కొన్ని డీడీఆర్3ఎల్‌తో వచ్చాయి, కొన్ని డీడీఆర్4తో, డీడీఆర్4కి 260 పిన్నులు, అది డీడీఆర్3ఎల్ స్లాట్లో దూరదు కూడా. 4కి 8 కలపడం ఫర్వాలేదు, ఎల్ ఉన్నది తెచ్చుకుని నేను ఇప్పుడు అలాగే వాడుతున్నా. విండోస్ 32 బిట్ అయితే ముందు 64 బిట్ వేసుకోండి, లేకపోతే 4 జీబీ దాటి వాడుకోదు.

కొనడానికి వెళ్లేటప్పుడు లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లి అక్కడే పెట్టించండి, ఆన్ అయ్యి 12 జీబీ చూపించాకే డబ్బులివ్వండి.