అడగండి, చెబుతాను: బోర్డు మీద జానా పేరు

ప్రశ్న: వింబుల్డన్ సింగిల్స్ ఎక్కువసార్లు గెలిచింది ఫెదరర్ అని నేనంటాను, కాదంటాడు మా బావమరిది. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మగవాళ్లలో ఫెదరరే, 8 సార్లు. ఆడవాళ్లను కూడా కలిపి చూస్తే మార్టినా నవ్రతిలోవా, 9 సార్లు. మీ బావమరిది మనసులో ఉన్నది ఆవిడే అయితే ఆయన మాటే నిజం. సాంప్రాస్, జొకోవిచ్, విలియం రెన్‌షా తలా 7 గెలిచారు. ఈ రెన్‌షా 1880ల నాటి మనిషి. అప్పట్లో కిందటేడు గెలిచినవాళ్లు మొదటి రౌండు నుంచి ఆడనక్కర్లేదు. మిగతావాళ్లంతా పోటీపడి చివరికి ఒకరు మిగిలితే, ఆ ఒక్కరితో ఆడితే చాలు. 1922లో ఆ పద్ధతి తీసేశారు. అందుకే రెన్‌షా 7నీ, సాంప్రాస్ 7నీ ఒకే తూకంలో వేయడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. ఒక టోర్నీ ఫైనల్లో చివరి సెట్‌లో నాలుగు గేములు గెలిచి, ఒకటే పోగొట్టుకుని, 4-1తో ముందుండి కూడా ఓడిపోయింది. రెండు వారాలుగా రాకెట్ ముట్టుకోవడం లేదు. వింబుల్డన్ ఛాంపియన్లలో ఇలా ఓడినవాళ్లు ఉంటే చెప్పండి, దానికి వినిపిస్తాను.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 4-1 అని చదవగానే నాకు చెక్ క్రీడాకారిణి జానా నొవొత్నా గుర్తొచ్చింది.

1993 జులై. మా వీధిలోకి కేబుల్ కొత్తగా వచ్చిన రోజులు. నేను స్కూల్లో ఆటల టీచర్ని. శనివారం సాయంత్రం ఆరున్నరకి మహిళల ఫైనల్ అంటే, నా దగ్గర టెన్నిస్ నేర్చుకునే నలుగురు ఆడపిల్లల్ని ఇంటికి పిలిచి, చాప వేసి టీవీ ముందు కూర్చోబెట్టాను. వాళ్లంతా స్టెఫీ గ్రాఫ్ పక్షం. నేనొక్కదాన్నే జానా పక్షం. సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరుగెత్తే ఆట నాకు ప్రాణం.

మొదటి సెట్ టైబ్రేక్‌లో, అంటే 6-6 అయ్యాక ఆడే ఆఖరి గేములో, పోయింది. రెండోది 6-1తో జానా గెలిచింది. మూడో సెట్లో 4-1 దాకా వచ్చింది. సర్వ్ తనదే, 40-30. ఆ ఒక్క పాయింటు వస్తే 5-1. అక్కడ రెండు సర్వ్‌లూ తప్పి డబుల్ ఫాల్ట్ చేసింది. ఇక ఆ తర్వాత ఒక్క గేమ్ కూడా రాలేదు, వరసగా ఐదూ స్టెఫీకే. టెన్షన్‌తో చెయ్యి బిగుసుకుపోవడం అంటే ఏమిటో పిల్లలకి నేను నోటితో ఎన్నోసార్లు చెప్పాను, ఆ రోజు కళ్లతో చూశారు. గెలుపు దగ్గరికి రాగానే బంతిని పైకి ఎగరేసే చెయ్యే మాట వినదు. మీ అమ్మాయికి జరిగిందీ అదే అయ్యుంటుంది. తనకి ఆట రాక కాదు.

బహుమతి అందుకునేటప్పుడు జానా బ్రిటన్ రాజకుటుంబానికి చెందిన డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏదో ఒకరోజు గెలుస్తావని ఆవిడ ఓదార్చింది. మా చాప మీది స్టెఫీ పక్షం పిల్లలు కూడా కళ్లు తుడుచుకున్నారు.

కథ ఇక్కడితో ఆపేయకండి. 1997లో మళ్లీ ఫైనల్‌కి వచ్చి, మొదటి సెట్ గెలిచి కూడా, 16 ఏళ్ల మార్టినా హింగిస్ చేతిలో ఓడింది. 1998లో సెమీస్‌లో అదే హింగిస్‌ని ఓడించి, ఫైనల్లో నథాలీ తొజియా మీద 6-4, 7-6తో గెలిచింది. అప్పటికి 29 ఏళ్లు. ఈసారి ట్రోఫీ అందించిందీ ఆ డచెసే. అన్ని ఓటముల తర్వాత కూడా జానా నెట్ దగ్గరికి పరుగెత్తడం మానలేదు చూడండి, నాకు అందుకే అంత ఇష్టం.

2017లో క్యాన్సర్‌తో, 49 ఏళ్లకే పోయింది. అంతకుముందు తన ఊరు బ్ర్నో అమ్మాయే, బార్బరా క్రెజికోవా, వెళ్లి తలుపు తడితే చేరదీసి ఆట నేర్పింది. 2024లో ఆ అమ్మాయి వింబుల్డన్ గెలిచింది. విజేతల బోర్డు మీద జానా పేరుతో పాటు తన పేరు చూసుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

ఇక రాకెట్ సంగతి. కొన్నాళ్లు ఆ మాటే ఎత్తకండి. తనంతట తను తీసిన రోజు మ్యాచ్ ఆడించవద్దు. ఒక బుట్టెడు బంతులిచ్చి సెకండ్ సర్వ్ ఒక్కటే చేయించండి. ప్రతి బంతికీ ముందు “4-1, 40-30” అని మీరు పైకి అనండి. నా పిల్లల చేత అలాగే చేయించేదాన్ని. పది రోజులకి ఆ అంకె అంటే భయం తగ్గేది.

ప్రశ్న: మన తెలుగు రాష్ట్రాల నుంచి వింబుల్డన్ గెలిచినవాళ్లు ఉన్నారా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఉన్నారు నాన్నా, మన హైదరాబాద్ సానియా మీర్జా. 2003లో బాలికల డబుల్స్, 2015లో మహిళల డబుల్స్. పెద్దల సింగిల్స్‌లో మాత్రం ఇంతవరకు మన దేశం నుంచి ఎవరూ గెలవలేదు. మద్రాసు రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో సెమీస్ దాకా వెళ్లి, ఆ రెండేళ్లూ చివరికి కప్పు గెలిచినవాళ్ల చేతిలోనే ఓడారు: ఒకసారి నీల్ ఫ్రేజర్, ఒకసారి రాడ్ లేవర్.

సానియా 2015 ఫైనల్ దొరికితే తప్పక చూడు. చివరి సెట్లో 2-5తో వెనకబడి 5-5కి తెచ్చారు. వెలుతురు తగ్గిందని ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు. తిరిగొచ్చి 7-5తో ముగించారు. సానియా పక్కన ఆడింది ఎవరో తెలుసా? పైన చెప్పిన హింగిసే. 1998లో జానా మహిళల డబుల్స్ గెలిచింది కూడా ఈ హింగిస్‌తోనే. గుంటూరు తల్లిగారూ, మీ అమ్మాయికి ఈ సెట్ కూడా చూపించండి.