ఏ పనైనా సరే, జీతం కాగితం మీద రావాలి

ప్రశ్న: ఆంటీ, మాది తెనాలి. హైదరాబాద్‌లో ఐదేళ్లు టెస్టింగ్‌లో చేశాను. పెళ్లయి ఇర్వైన్ వచ్చాను. హెచ్4 వీసా మీద ఈఏడీ కార్డు, అంటే పని చేసుకోవడానికి అనుమతి, వచ్చింది గానీ ఉద్యోగం తగలడం లేదు. ఇక్కడ ఒక తెలుగువాళ్లు తమ ఇంట్లో ఇద్దరు పిల్లల్ని చూసుకోమని అడిగారు. మావారు సరే అన్నారు. అత్తగారు మాత్రం "బీటెక్ చదివి ఆయా పనా?" అని ఫోన్ పెట్టేశారు. మొన్న 'గాన్ విత్ ద విండ్' చూశాం. అందులో ఆయా వేషం వేసినావిడకి ఆస్కార్ వచ్చిందట కదా. ఆవిడకి నామోషీ అనిపించలేదా? నేనేం చేయను?

జవాబు: చూడమ్మా, నామోషీ సంగతి తర్వాత. వాళ్లు డబ్బు చెక్కు మీద ఇస్తారా, క్యాష్ ఇస్తారా? సంవత్సరం చివర డబ్ల్యూ-2, అంటే జీతమెంతో, పన్నులెంత కోశారో చూపే కాగితం, ఇస్తారా? అత్తగారు ఫోన్ పెట్టేసిన సంగతి రాశావు, ఈ ముక్క రాయలేదు. కొత్తగా వచ్చే పిల్లలందరూ ఇంతే. కర్రీ లీఫ్ ఎక్కడ చవకో కనుక్కుంటారు గానీ పే స్టబ్, అంటే జీతం చీటీ, ఎలా చదవాలో కనుక్కోరు.

నువ్వడిగిన ఆవిడ హాటీ మెక్‌డేనియల్. ఇక్కడికొచ్చిన కొత్తలో మేం లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్ ఆడమ్స్ అనే పేట పక్కన ఉండేవాళ్లం, అద్దె తక్కువని. కింది ఫ్లాట్‌లో ఒక నల్లజాతి పెద్దావిడ ఉండేది. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఆ పేట కథలు చెప్పేది. హాటీ పేరు ఆవిడ నోటే విన్నాను. తర్వాత లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. నేను చదివింది మాత్రం సినిమా పిచ్చితో కాదు, ఆవిడ జమాఖర్చు తెలుసుకుందామని.

హాటీ 1893లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో పుట్టింది. పదమూడు మందిలో ఆఖరి పిల్ల. అమ్మానాన్నలు బానిసత్వంలో పుట్టినవాళ్లు. తండ్రి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడాడు. డెన్వర్‌లో పెరిగింది, బ్యాండుతో ఊళ్లు తిరిగి పాడింది, 1920ల చివర్లో తన పాటలు తనే రాసి రికార్డులిచ్చింది. 1929లో షేర్ మార్కెట్ కూలేసరికి ఆ పాటలు అన్నం పెట్టలేదు. అప్పుడు దొరికిన పని మిల్వాకీ దగ్గర ఒక క్లబ్బులో, ఆడవాళ్ల బాత్రూం దగ్గర అటెండర్. కొన్నాళ్లకి ఆ క్లబ్బులోనే స్టేజీ ఎక్కి పాడిందనుకో.

1931లో లాస్ ఏంజెలెస్ వచ్చింది. అన్నా అక్కలూ అప్పటికే ఇక్కడ ఉన్నారు. అన్న పని చేసే కేఎన్‌ఎక్స్ రేడియోలో తనూ చేరి 'హై-హ్యాట్ హాటీ'గా పేరు తెచ్చుకుంది. పేరైతే వచ్చింది. జీతం ఎంత తక్కువంటే, రేడియోలో పాడుతూనే ఇళ్లల్లో పని మానలేకపోయింది. అంటే సినిమాల్లో పనిమనిషి వేషం కట్టకముందు నిజంగానే పనిమనిషి. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పు.

సినిమాలు 1932లో మొదలయ్యాయి. అప్పట్లో నల్లజాతి ఆడవాళ్లకి హాలీవుడ్ ఇచ్చే వేషం ఒక్కటే, ఏప్రన్ కట్టుకుని తలుపు తీయడం. చాలావాటిలో తెర మీద పేరు కూడా వేయలేదు. అంతకుముందే, 1920లో, ఆస్కార్ మిషో అనే నల్లజాతి దర్శకుడు తీసిన సినిమాల్లో ఎవలిన్ ప్రీర్ లాంటి నటి హీరోయిన్‌గా వేసింది. టీచరు పాత్ర, పౌరుషమున్న పాత్ర. కానీ ఆ సినిమాలకి పెట్టుబడీ తక్కువే, ఆడే హాళ్లూ తక్కువే. గౌరవం అక్కడ ఉంది, డబ్బు ఇక్కడ ఉంది. హాటీ డబ్బున్న వైపు వచ్చింది. నేనైనా అదే చేస్తాను.

అయితే ఇచ్చిన ఏప్రన్‌తోనే ఆవిడ ఏం చేసిందో చూడాలంటే 1935లో వచ్చిన 'ఆలిస్ ఆడమ్స్' చూడు. ఉన్నంతలో గొప్పకి పోయే ఇంట్లో, ఎండాకాలం రాత్రి, పెళ్లికొడుకులాంటి అబ్బాయికి విందు. ఆ ఒక్క పూటకి తెచ్చుకున్న పనిమనిషి హాటీ. నెత్తిన పెట్టిన లేసు టోపీ నుదుటి మీదికి జారుతూ ఉంటుంది, నోట్లో చూయింగ్ గమ్ నలుగుతూ ఉంటుంది. వడ్డనలో ఎక్కడా తొందర లేదు. ఆ ఇంటివాళ్ల దర్జా అంతా ఆ నడకతోనే గాలి తీసేస్తుంది. డైలాగు కూడా అక్కర్లేదు. వారానికి 7 డాలర్లకి పనిమనిషిగా బతకడం కన్నా 700 డాలర్లకి పనిమనిషి వేషం వేయడం నయమని ఆవిడ పేరున ఒక మాట రకరకాలుగా తిరుగుతుంటుంది. ఏ రూపంలో అన్నా లెక్క సరిపోయింది.

మీరు చూసిన సినిమా 1939ది. డిసెంబరులో అట్లాంటాలో మొదటి ఆట వేస్తే, జార్జియా రాష్ట్రపు వర్ణభేదపు చట్టాల వల్ల ఆవిడ అసలు హాజరు కాలేదు. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ సభ అంబాసిడర్ హోటల్‌లో. నల్లవాళ్లని రానివ్వని హోటల్ అది. నిర్మాత అడిగి ఒప్పించుకుంటే లోపలికి రానిచ్చారు గానీ, మిగతా నటీనటులతో కాకుండా గోడ వారగా చిన్న టేబుల్ వేశారు. అక్కడి నుంచి లేచి వెళ్లి ఉత్తమ సహాయ నటి అవార్డు అందుకుంది. నల్లజాతివాళ్లలో మొదటి ఆస్కార్ అదే. సహాయ నటులకి అప్పట్లో బంగారు బొమ్మ కూడా లేదు, చేతిలో పట్టేంత పలక ఒకటి ఇచ్చేవాళ్లు.

నామోషీ అనిపించలేదా అన్నావు. అనిపించేలా చేసినవాళ్లు చాలామంది. నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ 1942లో హాలీవుడ్ వచ్చి, ఈ ఆయా వేషాలు మానాలని స్టూడియోలతో మాట్లాడాడు. ఆయన అన్నదీ నిజమే. బానిసత్వాన్ని ఆప్యాయంగా చూపించిన సినిమా 'గాన్ విత్ ద విండ్', చూసేటప్పుడు ఆ సంగతి మర్చిపోకు. కానీ వేషం మానేస్తే ఆవిడ అద్దె ఎవరు కడతారన్నది ఆయన చెప్పలేదు. నాకు మటుకు ఆవిడ పక్షమే.

ఇంకో సంగతి చెబుతాను, దీని గురించి సినిమా పుస్తకాల్లో రాయరు. 1935లో ఈ దేశంలో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చినప్పుడు, పొలం పనివాళ్లనీ ఇళ్లల్లో పనివాళ్లనీ దాన్లో కలపలేదు. తెర మీద హాటీ ఏ ఆడవాళ్ల వేషం వేసిందో ఆ ఆడవాళ్లకే వృద్ధాప్యంలో పెన్షన్ లేదన్నమాట. 1950లో చట్టం మార్చాకే ఇళ్లల్లో రోజూ పనిచేసేవాళ్లకి ఆ దారి తెరుచుకుంది. వాళ్లు పోరాడి తెచ్చుకున్న దాన్ని నువ్వు క్యాష్ తీసుకుని వదులుకుంటానంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే నేను వదులుకున్నాను. గ్రీన్ కార్డు వచ్చాక ఆర్టీసియాలో, పయొనీర్ బొలెవార్డ్ మీద ఒక కిరాణా కొట్లో చేరాను. విజయవాడలో బీకాం ఫస్ట్ క్లాసు నేను. ఇక్కడ పొద్దున్నే కూరగాయల పెట్టెలు విప్పడం, పచ్చిమిరపకాయలు తూచడం, మధ్యాహ్నం క్యాష్ కౌంటర్. ఇంటికి మాత్రం "అకౌంట్స్ చూస్తున్నాను" అని రాశాను. ఒక రోజు మా పెద్దమ్మగారి ఆడపడుచు కొడుకు పెళ్లికని అమెరికా వచ్చి, సరిగ్గా మా కొట్లోకే వచ్చింది. నేను కొబ్బరికాయల బస్తా వెనక కూర్చుండిపోయాను. ఆవిడ అక్కడికే వచ్చి "ములక్కాడలు ఎంతమ్మా?" అంది. ఇంగ్లీషులో ధర చెప్పాను. ఆవిడ నన్ను పోల్చుకుని, నా ఇంగ్లీషుకి ముచ్చటపడి, బెజవాడ వెళ్లి నేను కొట్టు ఓనర్‌నని చెప్పింది. నామోషీ కథ అంతటితో సరి, దానివల్ల నాకు ఒక్క డాలరు నష్టం రాలేదు.

నష్టం వచ్చింది ఇంకో వైపు నుంచి. ఓనరు మనవాడే. నెలకోసారి చెక్కు ఇచ్చేవాడు, ఒక్క పైసా కోత లేకుండా. "టాక్సులవీ కోస్తే చేతికి ఏం మిగుల్తుందమ్మా?" అనేవాడు. దేవుడనుకున్నాను. ఆ డబ్బుతో తమ్ముడి ఇంటి స్లాబుకి పంపాను, ఒక నెక్లెస్ కొన్నాను. జనవరిలో నా చేతికి 1099 కాగితం వచ్చింది. నేను ఉద్యోగిని కానట, స్వతంత్రంగా వ్యాపారం చేసే మనిషినట! పచ్చిమిరపకాయలు తూచే వ్యాపారం. ఆదాయపు పన్ను కాక, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఇంకో 15.3 శాతం నా నెత్తిన. మూడు నెలలకోసారి ముందుగా కట్టనందుకు జరిమానా. డైనింగ్ టేబుల్ మీద కాల్‌క్యులేటర్ పెట్టుకుని మావారు మూడోసారి కూడినా అదే అంకె. ఐఆర్‌ఎస్‌కి, అంటే ఇక్కడి పన్నుల శాఖకి, వాయిదాల మీద కట్టాం. నెక్లెస్ వాయిదాలు తీరేదాకా బీరువాలోంచి తీయలేదు.

ఆ కోపంతోనే టాక్స్ పుస్తకాలు పట్టాను. రాత్రులు చదివి, పన్నుల విషయంలో జనం తరఫున ఐఆర్‌ఎస్‌తో మాట్లాడే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష పాసయ్యాను. ఈరోజు అదే బొలెవార్డ్‌కి దగ్గర్లో నా ఆఫీసు. మాకు యూట్యూబ్ లేదు, వాట్సాప్ గ్రూపుల్లేవు, అయినా నెట్టుకొచ్చాం. మీకు అన్నీ ఉండి టెన్షన్ ఒకటి.

హాటీ జమాఖర్చు అన్నాను కదా, అది పూర్తి చేస్తాను. 1947లో రేడియోలో 'బ్యూలా' అనే షోకి ఆవిడే ప్రధాన పాత్ర, వారానికి వెయ్యి డాలర్లు. అదీ పనిమనిషి పాత్రే. అంతకుముందే వెస్ట్ ఆడమ్స్‌లోని షుగర్ హిల్ అనే చోట పెద్ద ఇల్లు కొంది. నల్లవాళ్లకి అమ్మకూడదని దస్తావేజుల్లో ఉందంటూ తెల్ల ఇరుగుపొరుగులు కోర్టుకెక్కితే, 1945 డిసెంబరులో జడ్జి ఆ దావా కొట్టేశాడు. (రేపు మీరు ఇక్కడ పాత ఇల్లు కొంటే కొనుగోలు కాగితాల్లో ఆ వాక్యం కనబడొచ్చు. ఆసియావాళ్లు కూడా వద్దని రాసినవి చాలా చూశాను. ఇప్పుడు చెల్లదులే.) ఆ పేట మీంచే తర్వాత 10వ నంబరు ఫ్రీవే వేశారు. పొద్దున డౌన్‌టౌన్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా మనం ఆ ఇళ్ల జాగాలోనే ఆగుతున్నాం.

చేయి పెద్దది ఆవిడది. స్నేహితులకీ, ముక్కూమొహం తెలియనివాళ్లకీ అప్పులిచ్చేది. 1952లో రొమ్ము క్యాన్సర్‌తో పోయేనాటికి ఆస్తి పదివేల డాలర్ల లోపు. ఐఆర్‌ఎస్ తనకి రావాలన్నది పదకొండు వేల పైన. ఉన్న సామానంతా అమ్మి బాకీలు తీర్చమంది కోర్టు. హాలీవుడ్ శ్మశానంలో పూడ్చమని కోరుకుంది, తెల్లవాళ్లకేనని వాళ్లు ఒప్పుకోలేదు. ఆస్కార్ పలక హోవార్డ్ యూనివర్సిటీకి చేరి అక్కడ కనబడకుండా పోయింది, 2023లో అకాడమీ కొత్తది చేయించి ఇచ్చింది. అందరూ ఆ పలక గురించి రాస్తారు. నేను మాత్రం ఆ రెండు అంకెలూ, పది వేలూ పదకొండు వేలూ, అచ్చు తీయించి ఆఫీసు గోడకి అంటించాను. ఏమిటవని అడిగిన క్లయింటుకల్లా ఈ కథ వినిపిస్తాను.

ఇక నీ సంగతి. పనికి వెళ్లు. ఇంట్లో ఉండి పిల్లల్ని చూసే మనిషి ఆ ఇంటివాళ్లకి ఉద్యోగే, 1099 ఇస్తామంటే ఒప్పుకోకు. ఎంత మొత్తం దాటితే ఏం కోయాలో ఐఆర్‌ఎస్ సైట్‌లో ఉంటుంది, అంకెలు ఏటా మారతాయి. ఈఏడీ గడువూ రెన్యువలూ మీ లాయర్ని అడుగు. సోషల్ సెక్యూరిటీలో నలభై క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని, నీ నంబరు మీద పడితే గానీ పెన్షన్ రాదు. హైదరాబాద్‌లో కట్టిన పీఎఫ్ ఇందులో లెక్కకి రాదు. జీతం పడే అకౌంటు నీ ఒక్కదాని పేరున తెరువు, మీవారు మంచివాడే అయినా సరే. అందులోంచి ముందు ఆర్నెల్ల ఖర్చు పోగవ్వనీ, ఇంటికి పంపడం తర్వాత. మొదటి జీతంతో అత్తగారికి పట్టుచీర కొనకు, అలకలు చీరలకి తీరవు. సాయంత్రాలు టెస్టింగ్ ఇంటర్వ్యూలకి చదువుకో, దాని గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

మొదటి పే స్టబ్ రాగానే ఫొటో తీసి పంపు, సోషల్ సెక్యూరిటీ నంబరు మీద వేలు అడ్డం పెట్టి. ఏ గళ్లో ఎంత కోశారో, ఎంత కోయాలో చూసి చెబుతాను.