ముందు దారి రాయి, చెరువు సంగతి తర్వాత

కాకినాడ

చిరంజీవికి,

లేక్ ట్వంటీటూ అనే కొండ చెరువుకి మీరు నడిచి వెళ్ళొచ్చిన దాని మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ప్రింటు తీయించుకుని చదివాను. ఫోన్లో చదివితే నాకు తప్పులూ కనిపించవు, ఒప్పులూ కనిపించవు. మొత్తం ఆరు పేజీలు, అందులో మూడున్నర పేజీలు చెరువే. పొద్దున ఎనిమిదింటికి కారు దిగి, మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ కారెక్కామని నువ్వే రాశావు. చెరువు దగ్గర కూర్చున్నది ఒక గంట. మిగతా నాలుగు గంటలు ఏమయ్యాయి తల్లీ?

ఆ దారి నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. మా అబ్బాయి అమెరికాలో సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాడు. నేను మూడుసార్లు వెళ్ళాను. అక్కడ తెలుగువాళ్ళకి శనివారం వచ్చిందంటే రెండే పనులు, కాస్ట్‌కోకి వెళ్ళడం, హైక్‌కి వెళ్ళడం. అలా నన్నూ రెండుసార్లు లేక్ ట్వంటీటూకి తీసుకెళ్ళారు. మొదటిసారి నేను చెరువు చూడలేదు. అడవి దాటి రాళ్ళ వాలు మొదలయ్యే చోట నా కుడి మోకాలు మొరాయించింది. అక్కడే ఒక బండమీద కూర్చుండిపోయాను. కోడలు నాకు తోడు ఉండిపోయింది, మిగతావాళ్ళు పైకెళ్ళారు. రెండు గంటలు కూర్చున్నాం. మర్నాడు నోట్‌బుక్ తీస్తే ఆ రెండు గంటల మీద పన్నెండు పేజీలు వచ్చాయి. తర్వాతి ఏడు చెరువుదాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, పులిహోర తిని, ఫోటోలు దిగి వచ్చాను. దాని మీద పేజీన్నర రాయలేకపోయాను.

అప్పుడు నాకు అర్థమైంది, నీకూ అదే చెప్పాలనుకుంటున్నాను. చెరువు దగ్గరికి వెళ్ళినవాళ్ళందరూ అదే చెరువు చూస్తారు. దారిలో మాత్రం ఎవరి కాళ్ళు వాళ్ళవి.

నీ మొదటి పేజీకి వస్తాను. "ఇది మోడరేట్ ట్రైల్, ఎవరైనా సులువుగా ఎక్కేయొచ్చు" అన్నావు. మోడరేట్, అంటే ఓ మోస్తరు కష్టం, అన్నది హైకింగ్ యాప్‌లో మాట. ఎవరికి మోడరేట్? నీకు ఇరవై ఆరేళ్ళు. నీ వ్యాసం చదివి ఎవరో అబ్బాయి వాళ్ళమ్మని చీరా చెప్పులతో తీసుకెళ్తాడు. లెక్క చెప్పు ముందు. రానూపోనూ 5.4 మైళ్ళు, ఎక్కాల్సిన ఎత్తు 1,350 అడుగులు. చెరువు ఉన్నది సుమారు 2,400 అడుగుల ఎత్తులో. ఈ అంకెలు రాస్తే వ్యాసం గైడ్‌బుక్ అయిపోతుందని భయపడ్డట్టున్నావు. అవదు. కాకపోతే అంకెను కాళ్ళ భాషలోకి దింపాలి. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు ఎక్కినవాళ్ళు మనలో లక్షలమంది ఉన్నారు. ఆ ఎక్కుడులో సుమారు సగం అని రాస్తే మన పాఠకుడి మోకాలికి వెంటనే తెలిసిపోతుంది. కానీ అక్కడ మెట్లు సమంగా ఉంటాయి, నీడకి పైకప్పు ఉంటుంది, దారిపొడుగునా గోవింద నామం ఉంటుంది. ఇక్కడ వేళ్ళు, తడి రాళ్ళు, బాట మీదే పారే సన్నటి నీళ్ళు. పోలిక వాడితే అది ఎక్కడ తెగిపోతుందో అక్కడిదాకా తీసుకెళ్ళు. సగంలో వదిలేసిన పోలిక పాఠకుడికి తప్పుదారి చూపిస్తుంది.

అన్నట్టు నీ "సరుగుడు తోటలా ఉంది" అన్న మాట నాకు నచ్చింది. మా కాకినాడ తీరంలో పెరిగినవాళ్ళకి ఆ సన్నటి ఆకు, ఆ గాలి చప్పుడు వెంటనే గుర్తొస్తాయి. కానీ దాన్నీ సగంలో వదిలేశావు. సరుగుడు మనవాళ్ళు వరసలో నాటేది, నాలుగైదేళ్ళకి నరికి అమ్మేది. తోట లోపలికి ఎండ జల్లెడ పట్టినట్టు పడుతుంది. ఆ అడవిలో పగలు పదకొండింటికి కూడా సంధ్య వేళలా ఉంటుంది. కొన్ని మానులు నలుగురు చేతులు పట్టుకున్నా అందవు. ఎందుకలా మిగిలాయో నువ్వు రాయలేదు. "మానవుడి చేయి సోకని అడవి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. చేయి సోకకపోవడం కాదు, చేయి ఆపుకోవడం. ఆ చుట్టుపక్కల కొండల్లో చాలా భాగం కలప కోసం నరికిందే. ఈ చెరువు పరీవాహకాన్ని మాత్రం 1947లో పరిశోధన కోసం విడిగా కేటాయించారు. నరికిన చోట నీళ్ళు, జంతువులు, చెట్లు ఎలా మారతాయో, నరకని చోట ఎలా ఉంటాయో పోల్చి చూడటానికి. అంటే నువ్వు నడిచింది ఒక ప్రయోగంలో ముట్టుకోకుండా ఉంచిన భాగంలో. ఈ ఒక్క విషయం తెలిసుంటే ఆ చెట్టు దగ్గర నువ్వు దిగిన సెల్ఫీ గురించి వేరేగా రాసేదానివి.

ఇప్పుడు పేర్ల సంగతి. ఇది కాస్త పెద్దది, ఓపిక పట్టు.

అన్నిటినీ దేవదారు అని రాశావు. నేనూ అదే తప్పు చేశాను కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. నా పన్నెండు పేజీల వ్యాసంలో సీడార్ అన్న ప్రతిచోటా నిఘంటువు చూసి దేవదారు అని వేశాను. అచ్చయిన వారానికి అటవీశాఖలో పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. "అమ్మా, దేవదారు హిమాలయాల చెట్టు. మీరు చూసింది వెస్టర్న్ రెడ్ సీడార్. దాని పేరులో సీడార్ ఉంది గానీ అది అసలు సీడార్ కాదు, సైప్రస్ కుటుంబానిది" అని. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. తర్వాత తెలిసింది, ఆ అడవిలో పేర్లన్నీ ఇలాంటివేనని. డగ్లస్ ఫర్ అసలైన ఫర్ కాదు. వెస్టర్న్ హెమ్లాక్‌కీ, సోక్రటీస్ తాగిన విషపు మొక్క హెమ్లాక్‌కీ ఏ చుట్టరికమూ లేదు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు కొత్త చెట్లకి తమ ఊళ్ళో చెట్ల పేర్లు తగిలించారు. మనం దేవదారు అన్నప్పుడు చేసిందీ అదే పని.

మరి ఏం రాయాలి? పేరు అలాగే ఉంచు, వెస్టర్న్ రెడ్ సీడార్ అనే రాయి. పక్కనే కంటికి ఆనేలా ఒక గుర్తు చెప్పు. సీడార్ బెరడు కొబ్బరిపీచులా నిలువుగా చారలు చారలుగా ఊడొస్తుంది. కోనసీమ మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ తీరంలో తరతరాలుగా ఉన్న సేలిష్ జాతులవాళ్ళు ఆ లోపలి పీచుతోనే బుట్టలు, చాపలు, బట్టలు కూడా అల్లుకున్నారు, ఆ మానుని తొలిచి పడవలు చేసుకున్నారు. నువ్వు కారులో పక్కనే వెళ్ళిన నది పేరు స్టిల్లాగ్వామిష్, అది అక్కడి ఒక జాతి పేరు కూడా. డగ్లస్ ఫర్ కాయ కింద పడి ఉంటే తీసి చూడాల్సింది. పొలుసుల మధ్య నుంచి మూడు మొనల రేకు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఎలక దూరి తోకా వెనక కాళ్ళూ బయట వదిలేసినట్టు. హెమ్లాక్‌ని దూరం నుంచే పోల్చుకోవచ్చు, దాని కొన మొగ్గుతూ తల వంచుకుని ఉంటుంది. ఈ మూడూ తెలిస్తే "దట్టమైన వృక్షాలు" అన్న మాట మళ్ళీ నీ కలం నుంచి రాదు.

కొన్నిటికి మనం పేరు పెట్టుకోవాల్సి వస్తుంది. పడిపోయిన పాత మాను మీద నాచు పట్టి, ఆ నాచులో హెమ్లాక్ మొక్కలు వరసగా లేస్తాయి చూశావా? ఇంగ్లీషులో నర్స్ లాగ్ అంటారు. నేను దాది మాను అని రాసుకున్నాను. కింది మాను కుళ్ళి మట్టిలో కలిసిపోయాక, పైన పెరిగిన చెట్టు వేళ్ళు గాల్లో గొడుగు కాళ్ళలా నిలబడిపోతాయి. నువ్వు "వింత ఆకారపు వేళ్ళు" అన్నది దాన్నే అయ్యుంటుంది. ఇది అన్ని మాటలకీ చేయకు. డెవిల్స్ క్లబ్‌ని నేను అనువదించబోయి రాక్షస గద అని రాసి, నాకే నవ్వొచ్చి కొట్టేశాను. కాండం నిండా, ఆకు అడుగున కూడా ముళ్ళుండే చెట్టు, పట్టు కోసం దాన్ని పట్టుకోకు అని చెబితే సరిపోతుంది. బనానా స్లగ్ సంగతి మాత్రం గుల్ల లేని నత్త అంటే పిల్లలకి కూడా అర్థమవుతుంది.

ఇక "సరస్సు". లెక్కపెట్టాను, పదమూడుసార్లు వాడావు. మీ ఇంట్లో ఎవరైనా సరస్సు అంటారా? మనకి నీటికి ఎన్ని పేర్లున్నాయో చూడు. గట్టు కట్టి నిలబెడితే చెరువు, చిన్నదైతే కుంట, మెట్లుంటే కోనేరు, జలపాతం కింద లోతుగా ఉంటే గుండం, ఏరు మలుపులో నిలిస్తే మడుగు. కొండ ఒడిలో, ఎప్పుడో మంచు నది గీరి తవ్విన గిన్నెలో నిలిచిన నీటికి మన ఊళ్ళల్లో పేరు లేదు, ఎందుకంటే మనకి అలాంటివి లేవు. నేను చెరువు అనే అంటాను. గట్టు లేదు కదా అని ఎవరైనా అడిగితే, పక్కనే మౌంట్ పిల్చక్ కొండ గోడ ఉంది కదా, దాన్నే గట్టు అనుకోమంటాను. నీకు సరస్సే ఇష్టమైతే ఒకట్రెండు చోట్ల ఉంచు. మిగతా చోట్ల "నీళ్ళు" అను, చాలు.

అక్కడ ఎందుకంత పచ్చదనం అని ఒక పేరా రాసి, "ప్రకృతి మాత కరుణ" దగ్గర ఆపావు. పసిఫిక్ మీది తేమ గాలి కాస్కేడ్ కొండల్ని ఎక్కుతూ చల్లబడి పడమటి వాలు మీదే కురిసిపోతుంది. తూర్పు పక్కకి దాటితే ఎండిన నేల. పడమటి కనుమలకీ మన రాయలసీమకీ మధ్య ఉన్న కథే ఇది. ఒక తేడా ఉంది. అక్కడ వాన శీతాకాలంది, వేసవి పొడి. అనంతపురం నుంచి వచ్చినదానివి నువ్వు. వాననీడ అంటే ఏమిటో నీకన్నా బాగా ఎవరు రాస్తారు? కరుణ మీద నెట్టేయకు.

రాళ్ళ వాలు గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు. నాకు కష్టం అనిపించింది అక్కడే. అప్పటిదాకా చీకటి, నాచు, వాగు చప్పుడు. వాగు మీద చెక్క వంతెన, పక్కన జలపాతం తుంపర. ఒక్కసారిగా చెట్లు అయిపోయి, ఎండలో బండల మధ్య మెలికలు తిరిగే బాట. వాగు చప్పుడు ఆగిపోతుంది, మన ఊపిరి మనకి వినిపిస్తుంది. వెనక్కి తిరిగితే లోయ అంతా కనిపిస్తుంది. శరదృతువులో అక్కడి వైన్ మేపుల్ పొదలు ఎర్రగా కాలిపోతున్నట్టుంటాయని మా కోడలు చెప్పింది, నేను చూడలేదు. నువ్వు సెప్టెంబరు చివర్లో వెళ్ళావు. చూసే ఉండాలి. మరి రాయలేదేం?

ఏ మలుపు దగ్గర మీ కబుర్లు ఆగిపోయాయో గుర్తు తెచ్చుకో. కబుర్లు ఆగిన చోటే అసలు ఎక్కుడు మొదలవుతుంది. దిగడం కూడా నీ వ్యాసంలో లేదు. ఫోటోలు అయిపోగానే అందరూ కారులో ఉన్నారు. నాకు దిగడమే నరకం అయింది. ముందు నడిచే ఒక అమెరికన్ ముసలాయన చూసి తన చేతికర్రల్లో ఒకటి ఇచ్చి, కింద పార్కింగ్‌లో తీసుకుంటానన్నాడు. కింద మాకన్నా అరగంట ముందే చేరి, మా కోసం కాచుక్కూచున్నాడు.

జాగ్రత్తలు వద్దనుకున్నావేమో, రెండు మాత్రం రాయాలి, అందంగా లేకపోయినా సరే. నీళ్ళ అవతలి ఒడ్డున, ఆ నిటారు గోడల కింద, వసంతంలోనూ వేసవి మొదట్లోనూ మంచు పేరుకుని ఉంటుంది, పై నుంచి జారి పడుతుంది. కింద బాథెల్‌లో జనం టీషర్టుల్లో తిరుగుతున్నారు కదా అని చుట్టూ తిరిగే చెక్కబాట ఎక్కకూడదు. పార్కింగ్‌కి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి. ఇది కవిత్వం కాదని నాకూ తెలుసు. పాస్ లేక ఫైన్ కట్టినవాడు నీ కవిత్వం మళ్ళీ చదవడు.

చెరువు గురించి ఉన్న మూడున్నర పేజీల్లో "స్వర్గం" నాలుగుసార్లు, "మాటల్లో చెప్పలేను" రెండుసార్లు ఉన్నాయి. చెప్పలేకపోతే రాయడం ఎందుకు అని మా పాత సంపాదకుడొకాయన మార్జిన్‌లో రాసి పంపేవారు. నేనంత కఠినంగా అనను. ఆ పేజీల్లో నాకు నిలిచింది ఒకే ఒక్క మాట, మీ తమ్ముడు చెప్పులు విప్పి నీళ్ళలో కాలు పెట్టి, "అక్కా, పళ్ళు జివ్వుమన్నాయి" అన్నది. కాలు పెడితే పళ్ళు జివ్వుమనడం! అది ఉంచు, చుట్టూ ఉన్నదంతా కొట్టెయ్.

వ్యాసం మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి వెనక్కి పంపుతున్నాను. తిరగరాయడానికి ముందు, వీలైతే ఇంకోసారి ఆ దారిన వెళ్ళు, కెమెరా లేకుండా. వానరోజైతే ఇంకా మంచిది, ఆ అడవికి వానే సరిగ్గా సరిపోతుంది. మీ అమ్మగారు వచ్చే వేసవిలో వస్తున్నారన్నావు కదా, ఆవిణ్ణి వంతెనదాకా నడిపించు. అక్కడిదాకా చాలు. ఆవిడ దేన్ని చూసి ఆగుతారో, ఏమంటారో రాసిపెట్టుకో.

మరొకటి. రెండో పేజీ అడుగున, నీళ్ళ సీసా కింది వాగు దగ్గరే మర్చిపోయి తమ్ముడు వెనక్కి పరిగెత్తాడని ఒక వాక్యం ఉంది. తర్వాత ఆ సీసా ఎక్కడా కనబడలేదు. నేను ఆరు పేజీలూ దాని కోసమే చదివాను. దొరికిందా?

ఆశీస్సులతో