బెంగళూరు నుంచి హైదరాబాదుకు విమానం మానుకొని రైలెక్కడం సాధ్యమేనా?

బెంగళూరు నుంచి చెన్నై వరకైతే చాలావరకు సాధ్యమే. సుమారు 360 కిలోమీటర్ల ఆ దూరాన్ని వందేభారత్ నాలుగున్నర గంటల్లో దాటుతుంది. దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం నగరానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్నందున, విమానంలో కలిసొచ్చే సమయంలో చాలా భాగం రోడ్డు మీదే, తనిఖీల వరుసల్లోనే ఖర్చవుతుంది.

హైదరాబాదు విషయం వేరు. 2023 సెప్టెంబరులో మొదలైన యశ్వంతపూర్–కాచిగూడ వందేభారత్‌కు సుమారు 610 కిలోమీటర్లు దాటడానికి ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడవగల బండే అయినా, అదే పట్టాలను గూడ్సు బళ్లతో, ఇతర రైళ్లతో పంచుకోవడం, వంపుల దగ్గర వేగం తగ్గించడం వంటి కారణాల వల్ల సగటు వేగం 75 కిలోమీటర్ల లోపే ఉంటుంది. కాబట్టి కొత్త పెట్టెలు కొన్నంత మాత్రాన సమస్య తీరదు, దారే మారాలి. ప్రత్యేక మార్గం వేయాలంటే భూసేకరణ ఉంది. 2017లో శంకుస్థాపన జరిగిన 508 కిలోమీటర్ల ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గానికి ఎన్నేళ్లు పడుతోందో చూస్తున్నాం.

నా అభిప్రాయంలో ఇక్కడ విమానానికి అసలు పోటీ పగటి బండి కాదు, రాత్రి బండి. నిద్రలో గడిచే గంటలను ఎవరూ లెక్కపెట్టరు. అయితే రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి, సంక్రాంతి బెర్తులు వెంటనే నిండిపోతాయి. ధర ఎంతైనా సరే, విమానంలో చివరి రోజున కూడా చోటు దొరకవచ్చు.