అమ్మమ్మ గొలుసు దగ్గరే ఆగాల్సింది

హైదరాబాద్

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మూడో పేరాలో ఒక వాక్యం రాశావు: "మా అమ్మమ్మ ముత్యాల గొలుసు దేవుడి దీపం ముందు ఒకలా, ట్యూబులైటు కింద ఇంకోలా కనిపించేది." అక్కడ ఆగిపోయాను. నువ్వు మాత్రం ఆగలేదు. తర్వాతి లైనులోనే గొలుసు వదిలేసి "కాంతి ఒక విద్యుదయస్కాంత తరంగం" అంటూ పాఠం ఎత్తుకున్నావు. కోపం వచ్చింది. అంత మంచి ప్రశ్న చేతికి దొరికాక ఎవరైనా జారవిడుచుకుంటారా?

ముత్యం, సున్నపురాయి రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. అసలు తేడా అమరికలో ఉంది. ముత్యంలో అది పలుచటి పొరలుగా పేరుకుంటుంది. ఒక్కో పొర మందం సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల నుంచి తర్వాతి అలకు దూరం, 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. రెండు కొలతలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు. పై పొర నుంచి కొంత, కింది పొరల నుంచి కొంత వెలుగు వెనక్కి వస్తుంది. అవి కలిసే చోట కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొలుసు కాస్త కదిలితే కోణం మారుతుంది, రంగూ మారుతుంది. ఇక దీపం వెలుగులో ఎరుపు, పసుపు ఎక్కువ, నీలం బాగా తక్కువ. ట్యూబులైటులో కొన్ని రంగులే గట్టిగా ఉంటాయి. అందని రంగును ముత్యం ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది?

ముప్పై ఏళ్ల కిందట ముత్యాల మీద రాయడానికి చార్మినార్ దగ్గరి ముత్యాల బజారు పత్తర్‌గట్టీ అంతా తిరిగాను. ఒక పెద్దాయన దుకాణం లైట్ల కింద సరుకు చూపించనన్నాడు. గుమ్మం దాకా తీసుకొచ్చి, అరచేతిలో గింజలు పోసి, చూపుడువేలితో మెల్లగా దొర్లించాడు. తెల్లటి గింజ మీద లేత గులాబీ, దాని అంచున లేత ఆకుపచ్చ జారుతూ పోయాయి. ఆ వేలి గురించి అరపేజీ రాశాను. అప్పటి ఎడిటరు అదంతా కొట్టేసి, పైన "మీకు తెలుసా?" అని బాక్సు పెట్టించాడు. ఇప్పటికీ మర్చిపోలేదు. ఇవాళ సైన్సు రాసేవాళ్లలో సగం మంది ఆ బాక్సులోనే ఉన్నారు. నీ వ్యాసంలో "అద్భుతం" 5 సార్లు వచ్చింది. ఐదూ తీసెయ్.

మైక్రోవేవ్, ఎక్స్‌రే, గోల్కొండ చప్పట్లు అన్నీ ఒకేచోట కుక్కావు. కింద కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు కొండ పైన బాలాహిసార్‌లో వినిపించడం మంచి విషయమే, దానికి ఇంకో వ్యాసం కావాలి.

గొలుసు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఇంట్లోనే ఉంటే బయటికి తీయి. దీపం దగ్గర, ట్యూబులైటు కింద, పొద్దున్నే కిటికీ పక్కన పెట్టి చూడు. ఏ రంగు ఎక్కడ కనిపించిందో, ఎక్కడ పోయిందో రాసుకో. ముందు ఆ కాగితం నాకు పంపు.